కాళ్లు నొప్పులన్నాడా? ముందు అది అడగండి చెల్లెమ్మా

ప్రశ్న: అన్నా, మాది ఆలూరు దగ్గర పల్లె. మా చిన్నోడికి పందొమ్మిదేళ్లు. అగ్నివీర్‌గా సెలెక్టయి, వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ సెంటర్‌కి ట్రైనింగ్‌కు పోయి ఐదు వారాలైంది. పోయిన ఆదివారం ఫోన్ చేసి ఏడ్చాడు. ‘నాలుక్కే లేపుతారు, హిందీలో ఏం చెప్తారో అర్థం కాదు, ఒకడు తప్పు చేస్తే అందరినీ నేల మీద దొర్లిస్తారు, కాళ్లు నొప్పులు, నా వల్ల కాదు, వచ్చేస్తానమ్మా’ అన్నాడు. వాళ్ల నాన్న ఫోన్ లాక్కుని ‘మగోడివి కావా, బోరు అప్పు ఎవడు తీరుస్తాడు’ అని కేకలేసి పెట్టేశాడు. ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగట్లేదు. కర్నూలులో ఒకాయన డబ్బులిస్తే పిల్లోణ్ణి విడిపించి తెస్తానంటున్నాడు. తెచ్చుకోవాలా, వద్దా? అసలు అక్కడ నా కొడుకుని ఏం చేస్తున్నారు?
– ఒక తల్లి, కర్నూలు జిల్లా

సమాధానం:

చెల్లెమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుక్కే లేపడం, హిందీ, దొర్లించడం... ఇవన్నీ నేను పడ్డవే. ఆ తర్వాత మూడేళ్లు ఉస్తాద్‌గా, అంటే ట్రైనింగ్ ఇచ్చేవాడిగా ఉండి వేరే తల్లుల పిల్లల చేత చేయించినవే. వాటికి నేను కంగారు పడలేదు. ‘కాళ్లు నొప్పులు’ అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. దాని గురించి వివరంగా రాస్తాను, అది వదలకుండా చదవండి.

ముందు మీరు అడిగినదానికి జవాబు. పిల్లోణ్ణి తెచ్చుకోవద్దు. కర్నూలు ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. సైన్యంలోంచి మనిషిని బయటినుంచి విడిపించే దారి ఏ దళారి చేతిలోనూ లేదు. అగ్నివీర్‌గా చేరినవాళ్లు తమ ఇష్టం మీద మధ్యలో మానేసి రావడానికి మామూలుగా వీల్లేదు. చాలా అసాధారణమైన కారణం ఉంటే, పై అధికారులు ఒప్పుకుంటేనే. చెప్పకుండా వచ్చేస్తే అది నేరం కిందికొస్తుంది, పిల్లోడి బతుకు మీద మచ్చ పడుతుంది. ఆయన మీ డబ్బు తీసుకుని నాలుగు నెలలు తిప్పించుకుంటాడు, అంతే. ఇలాంటివాళ్ల చేతిలో మోసపోయిన ఇళ్లు మా అనంతపురం వైపు నేను చూశాను. భూమి అమ్మి ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

ఇక అక్కడ మీవాణ్ణి ఏం చేస్తున్నారు అని అడిగారు. ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను.

నాలుగు, నాలుగున్నరకు విజిల్ పడుతుంది. బ్యారక్‌లో ముప్పై నలభై మంది ఒక్కసారే లేస్తారు. దుప్పటి ఇటుకలా మడిచి మంచం తలాపున పెట్టాలి. షేవింగ్ రోజూ చేయాల్సిందే, గడ్డం సరిగా రాని పిల్లోడైనా సరే. ఉస్తాద్ వరసలో నడుస్తూ చెంప మీద వేళ్లు తిరగేసి రాసి చూస్తాడు, గరుగ్గా తగిలితే ఆ పూట మూడినట్టే. మగ్గులో చాయ్ తాగి ఫాలిన్. అంటే వరసలో నిలబడటం. ఆ తర్వాత గింతీ, తలలు లెక్క పెట్టడం. ఇంకా చీకటిగానే ఉంటుంది. తెల్లవారేసరికి పీటీ గ్రౌండ్‌లో ఉంటారు. పరుగు, బార్ మీద చినప్స్, తాడు ఎక్కడం, తొమ్మిదడుగుల గుంత దూకడం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వెల్లింగ్టన్ నీలగిరుల్లో, కూనూరు పక్కనే ఉంటుంది. సముద్ర మట్టానికి సుమారు 6,000 అడుగుల ఎత్తు. మన ఆదోని 1,500 అడుగుల లోపే. మీవాడు సెలెక్షన్‌లో 1.6 కిలోమీటర్లు పెట్టిన టైంలోపు పరుగెత్తే ఉంటాడు, లేకపోతే అక్కడిదాకా రాడు. అదే పిల్లోడికి ఆ కొండ మీద మొదటి రెండు మూడు వారాలు అదే దూరానికి ఊపిరి అందదు. ‘ఊళ్లో ఇంత బాగా పరుగెత్తేవాణ్ణి, ఇక్కడేమైంది నాకు’ అనుకుంటాడు. ఏమీ కాలేదు. ఎత్తు మారింది, చలి మారింది. ఆలూరులో మే నెల ఎండలో బుడ్డలు ఒలిచే ఇంట్లో పుట్టిన పిల్లోడు చన్నీళ్లతో గడ్డం గీసుకుంటున్నాడు, ఒంటికి అలవాటు పడటానికి టైం పడుతుంది.

పీటీ అయ్యాక టిఫిన్. పూరీలో, బ్రెడ్డూ గుడ్లో, ఏదైనా కడుపునిండా పెడతారు. మన ఉగ్గాణీ బజ్జీ ఉండదు. రిక్రూట్‌కి ఆకలి ఎలా ఉంటుందంటే, మొదటి వారం చపాతీ ముట్టని పిల్లోడు మూడో వారానికి ఎనిమిది తింటాడు. తిండి గురించి మీరు దిగులు పడొద్దు.

ఆ తర్వాత డ్రిల్. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్. మీవాడు అర్థం కావట్లేదన్న హిందీలో సగం ఈ మాటలే. నోటితో అర్థం చేసుకునేవి కావు ఇవి, కాళ్లతో నేర్చుకునేవి. అక్కడ ఒక మేలు ఉంది. మద్రాస్ రెజిమెంట్ అంటేనే దక్షిణాది వాళ్ల రెజిమెంట్, 1758 నుంచి ఉన్నది, వాళ్లను సైన్యమంతా తంబీలు అని పిలుస్తుంది. పక్క మంచం వాడు తమిళుడో, మలయాళీయో, కన్నడిగుడో అయి ఉంటాడు. వాళ్లలో చాలామందికీ హిందీ అంతంత మాత్రమే. మీవాడికి ఆదోని బజార్లో వినపడే ఉర్దూ చెవిలో ఉంటుంది, ఆ మేరకు వాడే నయం. రెండు నెలలు పోనివ్వండి, ఫోన్లో మీతోనే హిందీ మాటలు కలిపి మాట్లాడతాడు చూడండి.

డ్రిల్ అయ్యాక ఆయుధాల క్లాసులు. ఇన్సాస్ రైఫిల్ విప్పడం, మళ్లీ బిగించడం, దాన్ని ఖోల్‌జోడ్ అంటారు. చేతికి అలవాటయ్యేదాకా వందల సార్లు చేయిస్తారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఈ క్లాసులో కూర్చుంటే నిద్ర ఆగదు. నిద్రపోయినవాణ్ణి లేపి, రైఫిల్ తల మీదికెత్తి నిలబెడతారు. సాయంత్రం బ్యారక్ శుభ్రం చేయడం, చెత్త ఏరడం, ఆటలు. చీకటి పడ్డాక మళ్లీ గింతీ, తిండి.

అప్పుడు మొదలవుతుంది బూటు పని. పాత బనీను గుడ్డను చూపుడువేలికి బిగించి చుట్టాలి. పాలిష్ డబ్బాలో కొంచెం అద్ది, బూటు ముక్కు మీద రూపాయి బిళ్లంత మేర చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోవాలి. మధ్యలో ఒక్క చుక్క నీళ్లు. మళ్లీ సున్నాలు. గట్టిగా నొక్కితే పొర లేచిపోతుంది, మెల్లగా చేస్తే పట్టదు. పావుగంటకి ఆ రూపాయంత చోట మసగ్గా ఒక వెలుగు కనిపిస్తుంది. ఇంకా తిప్పితే పైన వేలాడే బల్బు తీగతో సహా అందులో కనబడుతుంది. ఒక జత అలా రావడానికి రోజుల తరబడి పడుతుంది. మంచాల అంచున కూర్చుని అందరూ అదే పని. మా ప్లటూన్‌లో పిల్లలు ఇంటి కబుర్లు చెప్పుకునేది ఆ గంటలోనే. ఎవరి చెల్లెలి పెళ్లి, ఎవరింట్లో బర్రె ఈనింది, అన్నీ అక్కడే. ముప్పై ఏళ్లు దాటింది, నాకు పాలిష్ వాసన వస్తే ఇప్పటికీ ఆ ముఖాలు గుర్తొస్తాయి. పది దాటకుండా లైట్లు ఆర్పేస్తారు. కొందరికి మధ్యరాత్రి గంటో రెండు గంటలో పహరా కూడా ఉంటుంది.

వారంలో ఆరు రోజులు ఇంతే. ఆలోచించే తీరిక ఉండదు. ఆదివారం గుడి పరేడ్ అయ్యాక, బట్టలుతుక్కున్నాక, మొదటిసారి ఖాళీ దొరుకుతుంది. అప్పుడు ఫోన్. వారమంతా లోపల దాచుకున్నది అమ్మ గొంతు వినగానే బయటికి తన్నుకొస్తుంది. ఉస్తాద్‌గా నేను ఫోన్ లైన్ దగ్గర నిలబడి ఎన్నిసార్లో చూశాను. ఏడ్చి కళ్లు తుడుచుకుంటూ వచ్చిన పిల్లోడే సాయంత్రం వాలీబాల్ దగ్గర అరుస్తుంటాడు. మీకు చేరింది వారంలో ఆ పది నిమిషాలు మాత్రమే, చెల్లెమ్మా. మీరు వాటినే వారమంతా మోస్తున్నారు.

ఇంకోటి, ఐదో వారం అన్నారు. సరిగ్గా అదే కష్టమైన చోటు. చేరిన కొత్తలో ఉన్న ఉషారు అయిపోతుంది, ఒళ్లు ఇంకా గట్టిపడదు, ట్రైనింగ్ మొత్తం సుమారు 31 వారాలు కాబట్టి చివర కనపడదు. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ‘పోతాను ఉస్తాద్’ అన్నవాళ్లు ఎక్కువమంది నాలుగు నుంచి ఏడు వారాల మధ్యలో అన్నవాళ్లే.

దొర్లించడం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. దాన్ని రగ్డా అంటారు. ముందుకు పల్టీలు, మోచేతుల మీద పాకడం, వీపు మీద పిట్టూ, అంటే బరువు సంచి వేసుకుని గ్రౌండ్ చుట్టూ పరుగు. ఒకడు ఆలస్యంగా వచ్చినా అందరికీ పడుతుంది. అది అన్యాయంగానే అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ రేపు ఎక్కడో సరిహద్దులో ఒకడు పహరాలో కునుకు తీస్తే మిగతా పదిమంది ప్రాణాల మీదికొస్తుంది. ఆ లెక్క వాళ్ల ఒంటికి ఎక్కాలని అలా చేయిస్తారు. అలా రెండుసార్లు పడ్డాక పిల్లలే ఒకణ్ణొకడు లేపుకోవడం, ఒకడి బెల్టు ఇంకొకడు సర్దడం మొదలుపెడతారు.

అయితే దానికీ ఒక గీత ఉంది. చెయ్యి చేసుకోవడం, కొట్టడం, బూతులతో అవమానించడం శిక్షణ కాదు. 1950 నాటి ఆర్మీ యాక్ట్‌లో 47వ సెక్షన్ ఇలా కింది వాళ్లను హింసించడం గురించే ఉంది, ఏడేళ్ల దాకా జైలు పడే నేరం అది. మీవాణ్ణి ఎవరైనా కొట్టారా అని సూటిగా అడగండి. కొట్టి ఉంటే వాడు ప్లటూన్ కమాండర్ సాహబ్ దగ్గరికి, అక్కడ కాకపోతే కంపెనీ కమాండర్ దగ్గరికి పోవచ్చు. అధికారి జవాన్లందరితో పెట్టే సైనిక్ సమ్మేళన్‌లో నిలబడి చెప్పుకోవచ్చు. దాచాల్సిన పని లేదు. పల్టీలు కొట్టించారంటే మాత్రం, అది అందరూ దాటి వచ్చిందే.

ఇప్పుడు కాళ్ల సంగతి.

నేను 1989లో చేరాను. ఏ సెంటరో ఎందుకులెండి. ఆరో వారంలో నా ఎడమకాలి ముందు ఎముక మీద, మోకాలికి జానెడు కింద, ఒకచోట నొప్పి మొదలైంది. పరుగులో మొదలై, పరుగు ఆపితే తగ్గేది. రెండు వారాలకు నడకలోనూ ఉండేది. ఆ తర్వాత రాత్రి పడుకున్నా సలుపు. బొటనవేలితో నొక్కితే అర్ధరూపాయి బిళ్లంత చోటే నొప్పి, దాని పైనా కిందా ఏమీ లేదు. ఎవరికీ చెప్పలేదు. ఒకటి, సిక్ రిపోర్ట్ చేస్తే, అంటే ఒంట్లో బాలేదని చెప్పుకుంటే, పనిదొంగ అంటారని భయం. మా ఉస్తాద్ ఒకాయన నిజంగానే అలా అనేవాడు. రెండు, ఒక్కరోజు క్లాసు పోయినా బ్యాచ్ వెనక పడతానని. మూడు, మా నాన్న స్టేషన్‌లో రైలెక్కించేటప్పుడు ‘పని పూర్తి చేసుకుని రా, మధ్యలో రావద్దు’ అన్నాడు. ఆ మాట నా చెవిలో మోగుతూనే ఉండేది. కాలికి తువ్వాలు బిగించి కట్టుకుని ఇంకో పది రోజులు పరుగెత్తాను. ఒక పొద్దున ఐదు కిలోమీటర్ల పరుగులో రైఫిల్‌తో సహా పడిపోయాను. లేవలేకపోయాను.

ఎముకలో చీలిక అన్నారు డాక్టర్ సాహబ్. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. దెబ్బ తగిలి విరగడం కాదు. ఎముకకు అలవాటు లేని బరువు రోజూ పడుతూ, మధ్యలో మానడానికి టైం దొరక్కపోతే సన్నగా చీలుతుంది. కొత్త రిక్రూట్లకు ఇది బాగా వచ్చే జబ్బు, ప్రపంచంలో ఏ సైన్యంలో అయినా అంతే. మొదట్లోనే చెప్పి విశ్రాంతి తీసుకుంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మామూలుగా మానిపోతుంది. నేను దాచినందుకు నాకు నాలుగు నెలలు పట్టింది. నన్ను తర్వాతి బ్యాచ్‌లో కలిపారు. దాన్ని రెలిగేషన్ అంటారు. నా వాళ్లంతా ట్రైనింగ్ చివర ప్రమాణం చేసే కసమ్ పరేడ్ చేసి వెళ్లిపోతుంటే నేను బ్యారక్ కిటికీలోంచి చూశాను. డాక్టర్ సాహబ్ ఒక్క మాటే అన్నారు, ‘మూడు వారాల ముందు వచ్చి ఉంటే ఈ నాలుగు నెలలు నీవే కదా’ అని.

అందుకే మీవాడి ఫోన్ వచ్చే ఆదివారం మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ‘నాయనా, నొప్పి కాళ్లంతా ఉందా, ఒకచోటే ఉందా?’

రెండు కాళ్లూ, పిక్కలూ తొడలూ పట్టేసినట్టుంటే, మెట్లు దిగేటప్పుడు ఎక్కువగా ఉంటే, అది మామూలు ఒళ్లు నొప్పి. ఒళ్లు అలవాటు పడేకొద్దీ తగ్గుతుంది. ఒక్క కాలిలోనే, లేదా ఎముక మీద వేలు పెట్టి చూపించగలిగే ఒకే చోట నొప్పి ఉంటే, రోజు రోజుకూ పెరుగుతుంటే, పడుకున్నా సలుపుతుంటే మాత్రం ఆగకూడదు. మర్నాడు పొద్దున గింతీలోనే సిక్ రిపోర్ట్ చేసి ఎంఐ రూమ్‌కి పోవాలి. అది సెంటర్‌లో ఉండే చిన్న ఆస్పత్రి, డాక్టర్ ఉంటారు. ఎక్స్‌రే కావాలా వద్దా అన్నది వాళ్లు చూసుకుంటారు. నేను డాక్టర్‌ని కాదు, మీరూ కాదు, ఫోన్లో ఏదీ తేల్చలేం. వాణ్ణి అక్కడిదాకా నడిపించడమే మన పని. మడమ మీద, పాదం మధ్య ఎముకల మీద కూడా ఇలాగే రావచ్చు, అవి కూడా అడగండి. బూటు కరిచి బొబ్బలు పుట్టాయా, పగిలాయా, చీము పట్టిందా అని అడగండి. బొబ్బను సూదితో పొడుచుకోవద్దని, తడి సాక్సులు రాత్రి తప్పకుండా మార్చుకోమని చెప్పండి.

ఇది మీ ఆయన నోటి నుంచి వస్తే ఇంకా మంచిది. ఆయనకూ ఈ ఉత్తరం చదివి వినిపించండి.

అన్నా, మీరు కోపంతో అరవలేదని నాకు తెలుసు. బోరు ఎండిపోయి, బ్యాంకు వాళ్లు వచ్చిపోతుంటే ఎవరికైనా నోరు జారుతుంది. కానీ మీరన్న మాట ఆ పిల్లోడికి ఎలా చేరుతుందో చెప్తాను. ‘అప్పు ఎవడు తీరుస్తాడు’ అంటే, వాడికి వినపడేది ‘నీ కాలు విరిగినా చెప్పకు’ అని. నాకు అలాగే వినపడింది. మా నాన్న అలా అనలేదు, అనుకోనూ లేదు, అయినా నేను అలాగే విన్నాను. ఆయన బతికున్నంత కాలం ఆ కాలి సంగతి ఆయనకు చెప్పలేదు. వచ్చే ఆదివారం ఫోన్ మీరే తీయండి. అప్పు ఊసెత్తొద్దు. ‘నొప్పి ఉంటే డాక్టర్‌కి చూపించుకో, బ్యాచ్ వెనకబడినా ఏం కాదు, మేమున్నాం’ అనండి చాలు. ఆ ఒక్క మాటకు వాడు నెల రోజులు పరుగెత్తుతాడు.

డబ్బు లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే దాని మీదే ఇంట్లో గొడవ ఉన్నట్టుంది. అగ్నివీర్‌కి మొదటి ఏడాది నెలకు 30,000. అందులో 9,000 నాలుగేళ్ల చివర ఇచ్చే సేవా నిధికి పోతుంది, 21,000 చేతికొస్తుంది. నాలుగో ఏడాదికి చేతికొచ్చేది 28,000 అవుతుంది. నిధికి ప్రభుత్వం కూడా అంతే కలుపుతుంది, నాలుగేళ్లకు రెండూ కలిపి వడ్డీ కాక సుమారు 10 లక్షల 4 వేలు. నాలుగేళ్ల తర్వాత బ్యాచ్‌లో 25 శాతం మంది దాకా శాశ్వతంగా తీసుకుంటారు. మీవాడు అందులో ఉంటాడో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆ పది లక్షలు చూపించి ఇప్పుడే ఇంకో అప్పు చేయకండి. ట్రైనింగ్‌లో వాడికి ఖర్చు తక్కువే. పంపినంత పంపుతాడు, ఎంత పంపాలో వాణ్ణే నిర్ణయించుకోనివ్వండి.

చెల్లెమ్మా, ఇంకో మాట. ఊరగాయ, జొన్నరొట్టెలు, బుడ్డల ఉండలు పార్శిల్ చేసి పంపాలని మీకు ఉంటుంది. నేను ఉస్తాద్‌గా ఉన్నచోట బయటి తిండి బ్యారక్‌లోకి రానిచ్చేవాళ్లం కాదు. వాణ్ణే అడిగి తెలుసుకోండి. అడగకుండా పంపితే దానికీ వాడే పల్టీలు కొట్టాల్సి రావచ్చు.

దానికి బదులు ఉత్తరం రాయండి. నవ్వొద్దు, నిజంగానే చెప్తున్నాను. ఫోన్ వారానికి పది నిమిషాలే, అందులో సగం ఏడుపుకే పోతుంది. ఉత్తరం దిండు కింద ఉంటుంది. నేను ఎంఐ రూమ్‌లో కాలుకి కట్టుతో పడుకున్నప్పుడు మా అమ్మ నుంచి ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. ఆమెకు చదువు రాదు, మా ఊరి బడి పంతులు చేత రాయించింది. అందులో ఒక్క సలహా లేదు, ధైర్యంగా ఉండమని కూడా లేదు. వాన పడిందని, చేన్లో బుడ్డలు పూతకొచ్చాయని, మా ఎర్రావు కోడెదూడను వేసిందని, దాని నుదుటి మీద తెల్లచుక్క ఉందని, నువ్వొచ్చాక పేరు పెడదామని ఆపాను అని ఉంది. నేను దాన్ని మరుగుదొడ్లో కూర్చుని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ దూడను చూడాలనే ఒక్క పట్టుదల మీద మిగతా నెలలు లాగాను.

మీవాడికీ అలాంటిది రాయండి. వాడి చెల్లెలి బడి సంగతి, వాడు తిరిగిన రచ్చకట్ట సంగతి, తుంగభద్ర కాలువలో నీళ్లు వదిలారా లేదా. పైన వాడి రిక్రూట్ నంబరు, ప్లటూన్, కంపెనీ, ఆ తర్వాత సెంటర్ పేరు సరిగ్గా రాయండి, ఫోన్లో అడిగి రాసుకోండి. వాడుండే సెంటర్‌లోని ప్రధాన బ్యారక్‌లను శ్రీనాగేశ్ బ్యారక్స్ అంటారు. జనరల్ శ్రీనాగేశ్ 1955 నుంచి 57 దాకా మన సైన్యాధిపతి, 1962లో ఆంధ్రప్రదేశ్‌కి గవర్నర్‌గా వచ్చారు. ఆ పేరు ఎవరిదో మీవాడికి తెలుసో లేదో, అదీ ఒక లైను రాయండి.

ఇంకా ఆరు నెలలకు కసమ్ పరేడ్ ఉంటుంది. జెండా ముందు ప్రమాణం చేస్తారు. ఈ మధ్య చాలా సెంటర్లలో ఆ రోజు తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ అని ఒక పతకం పెడుతున్నారు. మీరిద్దరూ తప్పకుండా పోండి. బెంగుళూరు మీదుగా కోయంబత్తూరు, అక్కడి నుంచి మేట్టుపాళయం, అక్కడ కొండెక్కే చిన్న రైలు ఉంది, టికెట్ దొరక్కపోతే బస్సు. వెల్లింగ్టన్ కూనూరు దాటగానే వస్తుంది. ఇద్దరికీ స్వెట్టర్లు ఇప్పుడే ఆదోనిలో కొని పెట్టుకోండి, ఎండాకాలంలో పోయినా సరే, పొద్దున పరేడ్ టైంకి అక్కడ వణుకు పుడుతుంది.

ఈలోగా వచ్చే ఆదివారం ఫోన్లో వాడు ఏం చెప్పాడో, నొప్పి ఎక్కడుందన్నాడో నాకు మళ్లీ రాయండి. ఎదురు చూస్తుంటాను.